తూకానికి రాని గొడుగులు

సముద్రానికి అవతలి దేశపు డబ్బు విలువ పడిపోయిందన్న వార్త వచ్చిన రోజు గొడుగుల కార్ఖానాలో ఎవరూ మిషన్ ఆపలేదు. వానాకాలం సరుకు పంపే రోజులు. కత్తిరింపు బల్ల మీద నల్లగుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంది. ఒక వరుసలో ఆడవాళ్ళు మూడు మూలల ముక్కల్ని అంచులు కలిపి కుడుతున్నారు. ఇంకో వరుసలో కుట్టిన గుడ్డని ఊచలకి తొడిగి దారంతో ముడులు వేస్తున్నారు. రేడియో ఆ వార్త చెప్పి పాటల్లోకి వెళ్ళిపోయింది. యజమాని మాత్రం చేతిలో ఉన్న పిడిని పక్కన పెట్టి, అద్దాల గదిలోకి వెళ్ళి మరదలికి ఫోన్ చేశాడు.

ఆ మరదల్ని ఇంట్లో అందరూ చిట్టి అంటారు. నలభై దాటినా చిట్టే. ఆమె రాజధానిలో, నోట్లు అచ్చువేసే పెద్ద బ్యాంకులో, లెక్కల విభాగంలో పనిచేస్తుంది. రోజూ పొద్దున మారకపు సూచీ కట్టి పైకి పంపడం ఆమె పని.

ఆ ఉద్యోగం వచ్చిన కొత్తలో, అదేం పనో చెప్పమని బావ అడిగాడు. మన డబ్బు గట్టిగా ఉందా, మెత్తబడిందా అన్నది ఏదో ఒక్క దేశపు డబ్బు పక్కన పెట్టి చూస్తే తెలీదని ఆమె చెప్పింది. మనతో అమ్మకాలూ కొనుగోళ్ళూ ఉన్న దేశాలన్నిటి డబ్బులతోనూ పోల్చి చూడాలి. ఎవరితో వ్యాపారం ఎక్కువో వాళ్ళ డబ్బుకి ఎక్కువ తూకం, ఎవరితో తక్కువో వాళ్ళకి తక్కువ. అన్నీ కలిపితే వచ్చే ఒక్క అంకె పేరు సూచీ. బావ కాసేపు ఆలోచించాడు. అంటే పెళ్ళికొడుకు గురించి వాకబు చేయడం లాంటిదన్నమాట, పక్కింటివాణ్ణి ఒక్కణ్ణే అడిగితే చాలదు, వీధంతా అడగాలి, ఎవడి మాటకి ఎంత విలువివ్వాలో కూడా తెలిసుండాలి, అన్నాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చిట్టి ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ మాటే చెప్పి పని నేర్పింది.

బావ భారీ మనిషి. ఆయన కూర్చుంటే కుర్చీ మూలిగేది. నవ్వితే పొట్ట ముందు కదిలి ఆ తర్వాత గొంతు వినపడేది. చిట్టి తండ్రి పోయేనాటికి అక్కకి పెళ్ళయి ఏడాది. తల్లి అంతకు ముందే లేదు. మరదలి పెట్టె తనే మోసుకొచ్చి, కార్ఖానా మీద ఉన్న రెండు గదుల ఇంట్లో కిటికీ పక్క మంచం ఆమెకిచ్చేశాడు. కింద మిషన్లు నడుస్తుంటే పైన ఆమె లెక్కలు చేసుకునేది. ఆ చప్పుడు లేకపోతే చదువు ఎక్కదని హాస్టల్లో చేరాక ఉత్తరం రాస్తే, దాన్ని కుట్టేవాళ్ళందరికీ చదివి వినిపించాడు.

ఆ రోజు ఫోన్లో ఆయన అడిగింది ఒక్కటే. అవతలి దేశంలో తన గొడుగులు కొనే షావుకారుకి ఈ ఏటి సరుకు ధర రాసి పంపాలి. ఎప్పటిలాగే వాళ్ళ డబ్బులోనే రాయవచ్చా, లేక కంగారు పడాలా?

చిట్టి ఎదురుగా ఆ పూట సూచీ ఉంది. అవతలి దేశపు డబ్బు ఒక్కరోజులో అంత పడినా సూచీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. సూచీలో కలిపే డబ్బుల బుట్టలో ఆ దేశం తూకం వందలో రెండు పాళ్ళు కూడా లేదు.

“ఆ దేశం మనకి చాలా చిన్నది బావా. మన డబ్బు నిలకడగానే ఉంది. కంగారు పడాల్సిందేమీ నాకు కనపడటం లేదు,” అంది.

ఆమె దేశం సంగతి చెప్పింది. ఆయన తన సంగతి విన్నాడు. ఆ సాయంత్రమే పాత ధరకి ఒప్పందం మీద సంతకం పెట్టి, గుడ్డకీ ఊచలకీ పురమాయించాడు.

అవతలి డబ్బు ఆ వారంతో ఆగలేదు. మెట్లు దిగుతున్నవాడు కాలు జారినట్టు దొర్లుతూనే పోయింది. మొదటి విడత సరుకు చేరి, దాని సొమ్ము అక్కణ్ణించి వచ్చి, ఇక్కడి డబ్బుగా మారేసరికి అది గుడ్డ ఖర్చుకి కూడా సరిపోలేదు. బావ మరదలితో ఈ మాట అనలేదు. అక్క చెప్పింది, అదీ వేరే ఏదో మాట్లాడుతూ మధ్యలో. చిట్టి సెలవు పెట్టి బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి రెండో విడత సరుకు పెట్టెల్లో సర్దుతున్నారు. ధర ఎంతైనా మాట ఇచ్చిన సరుకు పంపాల్సిందేనని బావ పట్టు. కుట్టు మేస్త్రమ్మ దగ్గరుండి ఒక్కో గొడుగూ తెరిచి, వెలుతురుకి ఎదురుగా పట్టి, మూసి లోపల పెట్టిస్తోంది. ఆవిడ బక్కపలచని మనిషి. పెదాల మధ్య ఎప్పుడూ ఒక గుండుసూది ఉంటుంది కాబట్టి తక్కువ మాట్లాడేది. అందరూ చేరిన కొత్తలో కుట్టు నేర్చుకున్నది ఆవిడ దగ్గరే, అక్కతో సహా.

చిట్టి పెట్టెల మధ్య నుంచి నడుస్తూ ఒకచోట ఆగిపోయింది. చెక్కపెట్టె మీద నల్లరంగుతో రేవు పేరు అచ్చుకొట్టి ఉంది. అది అవతలి దేశంలోని రేవు కాదు. మధ్యలో ఉన్న దీవి దేశానిది.

ఇదేమిటని బావని అడిగింది. అవతలి దేశంలో పెద్ద ఓడలు ఆగే రేవు లేదని, సరుకంతా దీవిలో దిగి అక్కణ్ణించి చిన్న ఓడల్లో వెళుతుందని, తన తండ్రి కాలం నుంచీ అంతేనని ఆయన చెప్పాడు. కస్టమ్స్ కాగితాల్లో ఏం రాస్తారని ఆమె అడిగింది. ఓడ మొదట ఎక్కడ ఆగుతుందో అదే రాస్తారు, ఇంకేం రాస్తారు, అన్నాడు ఆయన. ఆమె ఒక పెట్టె మీద కూలబడింది. ఎండదెబ్బ తగిలిందేమోనని ఆయన మంచినీళ్ళు తెప్పించాడు.

ఆమెకి తగిలింది వేరే దెబ్బ. సూచీలో తూకాలన్నీ కస్టమ్స్ కాగితాల్లోంచి వచ్చేవే. ఈ ఊరి గొడుగులు, పక్క ఊళ్ళ సబ్బులు, బక్కెట్లు, సైకిల్ చక్రాలు అన్నీ దీవి దేశం పేరు మీదే జమ అవుతున్నాయి. దీవి దేశపు డబ్బు రాయిలా నిలబడి ఉంది. అందుకే సూచీ కూడా రాయిలా నిలబడి ఉంది. సూచీ నిలబడింది కాబట్టి బ్యాంకు కూడా మారకపు రేటు జోలికి పోవడం లేదు. కిందనేమో ఈ గదిలో నేల కుంగిపోతోంది.

తిరిగి వెళ్ళాక ఆమె దీవి దేశానికి వెళ్ళిన సరుకు వివరాలు తెప్పించుకుని ముందేసుకుంది. ఆ దీవిలో పసిపిల్లలతో సహా ప్రతి మనిషీ రెండు చేతుల్లో రెండు గొడుగులు పట్టుకుని తిరిగినా అన్ని గొడుగులు ఖర్చు కావు. ఆ సరుకు నిజంగా చేరే దేశానికే ఆ తూకం వేసి సూచీని మళ్ళీ కట్టి చూసింది. అంకె ఎగిరి కూర్చుంది. అంటే మన డబ్బు ఉండాల్సినదానికంటే బాగా ప్రియంగా ఉంది, మన సరుకు కొనేవాడికి అందనంత ఎత్తులో ఉంది. ఆ లెక్కకి ఒక నివేదిక జోడించి పెద్దసారు గదికి తీసుకెళ్ళింది.

పెద్దసారు ఆ విభాగానికి అధిపతి. చెడ్డమనిషి కాదు. కింది వాళ్ళ పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకుని పలకరించే మనిషి. నివేదిక మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మధ్యలో ఒకచోట పెన్సిల్‌తో గీత గీసి, అక్కడ ఆమె ఊహ కొంచెం ఎక్కువైందన్నాడు. మిగతా లెక్క సరైనదేనన్నాడు. తూకాలు ఏడాదికి ఒక్కసారే మారతాయి, గడచిన ఏళ్ళ వ్యాపారం చూసి మారతాయి, మధ్యలో మార్చడం ఎన్నడూ లేదు, అని కూడా అన్నాడు.

“తూస్తూ తూస్తూ రాళ్ళు మార్చేవాణ్ణి సంతలో ఏమంటారమ్మా?” అని అడిగాడు.

“రాయే తప్పయితే సర్?”

“తప్పయినా అందరికీ తెలిసిన తప్పు మేలు. ఇవాళ గొడుగులవాళ్ళ కోసం మారిస్తే రేపు చక్కెరవాళ్ళు వస్తారు. పైగా ఈ అంకె బయటికి వెళితే డబ్బు విలువ తగ్గించక తప్పదు. పెట్రోలు పెరుగుతుంది, గోధుమలు పెరుగుతాయి. వాటిని కొనేవాళ్ళు గొడుగులు కుట్టేవాళ్ళకంటే ఎక్కువమంది.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఈ గొడుగుల సంగతి మీ దృష్టికి ఎలా వచ్చిందని మామూలుగా అడిగాడు. కస్టమ్స్ కాగితాలు చూస్తుంటే కనపడిందని చెప్పవచ్చు. చెబితే సరిపోయేది.

“మా బావది గొడుగుల కార్ఖానా సర్. ఆయనే నన్ను చదివించాడు,” అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. నివేదికని మూసి, ఆమె వైపు తోశాడు. ఆ తోయడంలో కోపం లేదు. ఆ మాట తను విననట్టు ఉండలేనని, విన్నాక ఈ కాగితం పైకి పంపితే మొదట అడిగేది ఆ సంగతేనని, లెక్క ఎంత సరైనదైనా బంధువు కోసం కట్టిన లెక్కగానే మిగిలిపోతుందని మెల్లగా చెప్పాడు. ఇంకో ఊరివాడెవడైనా, సంబంధం లేనివాడెవడైనా ఇదే మాట పట్టుకొస్తే చూద్దామన్నాడు. సంబంధం లేనివాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుందని ఆమె అడగలేదు. నివేదిక తీసుకుని బయటికి వచ్చింది. ఆ రోజునుంచి, అప్పటిదాకా ఆమే చూసే తూకాల పని ఇంకొకరికి ఇచ్చి, ఆమెకి కేవలం రోజువారీ సూచీ మాత్రమే ఉంచారు.

ఈలోగా బావ అవతలి దేశానికి బయల్దేరాడు. షావుకారు పాత స్నేహితుడు, ముఖాముఖి కూర్చుంటే ధర సవరిస్తాడని ఆశ. రెండు ఓడలు మారి వెళ్ళాడు. తిరిగొచ్చాక ఆయన చెప్పింది తక్కువ. అక్క కొంచెం కొంచెంగా లాగి రాబట్టి, చెల్లెలికి ఫోన్లో చెప్పింది.

షావుకారు దుకాణం సగం మూసి ఉంది. ఆయన బావని కావలించుకుని ఏడ్చాడు. తన దేశంలో జీతాలు అలాగే ఉన్నాయి, ధరలు కొండెక్కి కూర్చున్నాయి, బయటి దేశపు గొడుగు కొనేవాడు లేడు, చినిగిపోయినదానికే మాసిక వేసుకుంటున్నారు. ధర సవరించడం మాట అటుంచి, వచ్చిన సరుకే అమ్ముడుపోక గోదాములో ఉంది. ఆ తర్వాత షావుకారు ఆయన్ని ఒక పెద్ద పాక లాంటి చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ వరసగా ఆడవాళ్ళు కూర్చుని గొడుగులు కుడుతున్నారు. మూతపడిన మిల్లుల్లోంచి వచ్చినవాళ్ళు. కూలి ఎంతో చెబితే బావ నమ్మలేదు. వీటిని నువ్వు మీ దేశంలో అమ్ము, నాకు కాస్త మిగులుతుంది, నీకు బాగా మిగులుతుంది, అని షావుకారు అడిగాడు. బావ ఒక గొడుగు తెరిచి చూశాడు. కుట్టు వంకరగా ఉంది, ఊచలు పలచన. తీసుకోనని చెప్పి వచ్చేశాడు.

ఆయన తీసుకోకపోతే ఇంకొకరు తీసుకున్నారు. వానలు మొదలయ్యేసరికి బజారు నిండా అవతలి గొడుగులే. బావ గొడుగు ధరకి అవి రెండొస్తాయి, ఇంకా చిల్లర మిగులుతుంది. గాలి వీస్తే తిరగబడతాయి, అయినా తిరగబడిన గొడుగు పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. అప్పటిదాకా ఊరివాళ్ళు కొనే గొడుగులైనా ఆయనవి ఉండేవి. ఇప్పుడు అవీ పోయాయి.

బావ మిషన్లని ఒకేసారి ఆపలేదు. కత్తితో ఒక్కపోటు పొడవడం చేతకాని మనిషి, కొంచెం కొంచెంగా కోశాడు. ముందు చివర్న చేరినవాళ్ళని రావద్దన్నాడు, తర్వాత ముడులు వేసేవాళ్ళని. ఉన్నవాళ్ళకి పని లేకపోతే పాత గొడుగులు విప్పించి మళ్ళీ కుట్టించాడు. అక్క నగలు ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. చివరికి మేస్త్రమ్మే ఒక మధ్యాహ్నం అద్దాల గదిలోకి వచ్చి, పెదాల మధ్య సూది తీసి, రేపట్నుంచి తాను రానని చెప్పింది. గోనెసంచులు కుట్టేచోట పని దొరికిందంది. అది అబద్ధమని ఆయనకీ తెలుసు. ఆయన నోటితో పొమ్మనిపించకూడదని ఆవిడ తనే తప్పుకుంది. ఆ పని ఆవిడకి నిజంగా దొరకడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా కూతురి చదువు మాన్పించింది.

అప్పుడు అక్క నోరు విప్పింది. పంతం కడుపు నింపదని, కార్ఖానా ముందు గదిని దుకాణం చేసి షావుకారు గొడుగులే తెప్పిద్దామని అంది. బావ ఏమీ అనలేదు. అక్క అదే ఒప్పుకోలు అనుకుంది. పెట్టెలు వచ్చాయి. ఆయన దుకాణంలో కూర్చునేవాడు. కొనేవాళ్ళు గొడుగు తెరిచి మూసి, ఇవి మీవేనా అని అడిగేవాళ్ళు. కాదనేవాడు. ఎన్నాళ్ళు మన్నుతాయి అంటే, ఒక వాన, అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వి, కాస్త ఆలోచించి, పక్క దుకాణంలో అవే గొడుగులు కొనుక్కునేవాళ్ళు. వారం చూసి అక్క ఆయన్ని ఇంటికి పంపేసింది. మీరు మేడ మీద పడుకోండి, నేను చూసుకుంటాను, అంది. ఆయన పడుకున్నాడు. ఆ పడుకోవడం పడుకోవడమే అయింది. ముందు ఎడమచెయ్యి పట్టు తప్పింది, తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. డాక్టరు గుండె, రక్తనాళాలు అని ఏదేదో చెప్పాడు.

చిట్టి వచ్చి వారం ఉంది. ఒకప్పుడు తనకిచ్చిన కిటికీ పక్క మంచం మీదే ఇప్పుడు ఆయన ఉన్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు. కింద చప్పుడు లేదు. రెండో రోజు మధ్యాహ్నం, అక్క దుకాణంలో ఉన్నప్పుడు, ఆయన ఆమెని దగ్గరికి పిలిచాడు.

“చిట్టీ, ఆ రోజు ఫోన్లో నువ్వు చెప్పింది తప్పా? నన్ను ఊరడించడానికి కాదు, నిజం చెప్పు.”

“లెక్క తప్పు కాదు బావా,” అంది ఆమె. “మా తూకంలో నువ్వు లేవు. నీ గొడుగులన్నీ దీవివాళ్ళ పేరు మీద పోయాయి. నాకు ఆ సంగతి తెలీదు. తెలుసుకోకుండానే చెప్పాను.”

ఆయన పొట్ట కొంచెం కదిలింది.

“ఇంత లావు మనిషిని, తూకానికి రాలేదా,” అన్నాడు.

ఆమె నవ్వలేకపోయింది. ఆయన నవ్వాడు, నవ్వుకి దగ్గు వచ్చింది, దగ్గుకి ఆయాసం వచ్చింది. ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. అక్కకి చెప్పకు, దానికి కోపం నిలవ ఉంటుంది, అని మాత్రం ఆ తర్వాత అన్నాడు. వానాకాలం వెళ్ళకముందే ఒక తెల్లవారు ఆయన పోయాడు. పాత కుట్టేవాళ్ళు అందరూ వచ్చారు. ఆ రోజు వాన. వచ్చినవాళ్ళందరి చేతుల్లో ఆయన కార్ఖానా గొడుగులే ఉన్నాయి. అవింకా చెక్కుచెదరలేదు.

ఏడాది తిరిగింది. తూకాలు మార్చే నెల వచ్చింది. కొత్త తూకాలు కట్టినవాడు కుర్రవాడు, చిట్టి దగ్గర పని నేర్చుకున్నవాడే. కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టి, ఒక వరుస మీద వేలు ఉంచాడు. అవతలి దేశం తూకం ఒక్కసారిగా మూడింతలైంది. ఎవరూ ఏదీ సవరించలేదు. ఆమె నివేదిక సొరుగులోనే ఉంది. జరిగిందల్లా ఒకటే. మనం అమ్మే సరుకుకి ఓడ ఆగే రేవు పేరు రాస్తారు. కొనే సరుకుకి మాత్రం అది తయారైన దేశం పేరు రాస్తారు, అది ఏ దీవిలో ఆగి వచ్చినా సరే. ఇప్పుడు అవతలి దేశం నుంచి గొడుగులు, సబ్బులు, బక్కెట్లు, చెప్పులు వచ్చి పడుతున్నాయి. ఆ కొనుగోళ్ళు తూకంలోకి ఎక్కాయి. కొత్త తూకంతో కట్టగానే సూచీ ఎగిరింది. ఏడాది కిందట ఆమె కట్టిన అంకెకి అటూ ఇటూగా వచ్చి ఆగింది.

పెద్దసారు తనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. పక్క కుర్చీలో కూర్చుని, మీ లెక్క సరిగ్గా వచ్చిందమ్మా అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన అంతదూరం నడిచి రావడం ఆమెకి ఇంకా కష్టంగా తోచింది. మా బావ పోయాడు సర్ అని చెప్పింది. ఆయన తల దించుకుని లేచి వెళ్ళాడు.

ఆ నెలలోనే బ్యాంకు డబ్బు విలువ తగ్గించింది. పత్రికలు ఇది దేశంలో సరుకు తయారుచేసేవాళ్ళకి మంచిరోజని రాశాయి. అక్కకి మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. షావుకారుకి పంపాల్సిన సొమ్ము రాత్రికి రాత్రి పెరిగింది. కొత్త ధరకి అమ్మబోతే కొనేవాడు లేడు, పాత ధరకి అమ్మితే మళ్ళీ తెప్పించడానికి చాలదు. ఉన్న పెట్టెలు ఖాళీ అయ్యేదాకా కూర్చుని, ఇక తెప్పించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఒక కొత్త మనిషి వచ్చాడు. ఇంకో దేశానికి సరుకు ఎగుమతి చేసే ఏజెంటు. ఇక్కడి గొడుగులు ఇప్పుడు చవగ్గా పడతాయని, మంచి కుట్టు అని పేరుందని, ఎన్ని కుట్టినా తీసుకుంటానని అన్నాడు. అక్క ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి చూపించింది. కత్తిరింపు బల్ల ఉంది. మిషన్లు బావ ఉండగానే పాత ఇనుము తూకానికి అమ్ముడుపోయాయి, నేల మీద వాటి కాళ్ళ గుర్తులు మిగిలాయి. ఏజెంటు ఆ గుర్తుల మధ్య జాగ్రత్తగా అడుగులు వేస్తూ వెనక్కి వచ్చి, ఇంకో ఊరు చూసుకుంటానని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం చిట్టి వచ్చింది. అక్క దుకాణంలో మిగిలిన నాలుగైదు గొడుగులకి దుమ్ము దులుపుతోంది. ఇదంతా ఎందుకిలా జరిగిందో వివరంగా చెప్పమని అడిగింది. బావ చెప్పొద్దన్న మాట చిట్టికి గుర్తుంది. అయినా చెప్పింది, ఫోన్లో తను అన్న మాటతో సహా. అక్క పని ఆపకుండా విన్నది. చివర్న ఒక్కచోట మాత్రం మళ్ళీ చెప్పమంది. కొనడం కూడా వ్యాపారమేనా అని.

“అమ్మినా కొన్నా వ్యాపారమే అక్కా. రెండూ తూకంలోకి వస్తాయి.”

అక్క చేతిలో గొడుగు పక్కన పెట్టింది.

“అయితే మీ బావ కుట్టి పంపినన్నాళ్ళూ మీకు కనపడలేదు. ఆయన్ని మేడ మీద పడుకోబెట్టి, నేను వాళ్ళవి తెచ్చి అమ్మితే కనపడ్డాం.”

చిట్టి అవునంది. తన దగ్గరికి వచ్చి ఉండమని అడిగింది, చాలాసార్లు అడిగింది. అక్క రానంది. కోపంగా కాదు, ధర కుదరని సరుకు వద్దన్నట్టు. కార్ఖానాని సిమెంటు బస్తాలు నిలవ పెట్టుకునేవాళ్ళకి అద్దెకిచ్చి, తను గోనెసంచులు కుట్టేచోట పనికి కుదిరింది. అడిగి ఇప్పించింది మేస్త్రమ్మే. ఆవిడ అక్కడ కూడా మేస్త్రమ్మ అయింది. మొదటి రోజు అక్కకి తన పక్క మిషన్ ఇప్పించి, గోనెకి సూది ఎంత లావుదుండాలో, దారం ఎంత వదులుగా ఉండాలో కొత్తపిల్లకి చెప్పినట్టు చెప్పింది. అక్క కూడా కొత్తపిల్లలాగే విన్నది.

చిట్టి ఇంకా ఆ బల్ల దగ్గరే పనిచేస్తోంది. తూకాల పని మళ్ళీ ఇస్తామన్నారు, తీసుకుంది. అమ్మే సరుకు ఆఖరికి ఏ దేశం చేరుతుందో కూడా రాయాలని కస్టమ్స్‌వాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తోంది. పరిశీలిస్తున్నామని జవాబు వస్తోంది. ఈ మధ్య ఒకసారి పని మీద వెళుతూ ఆ ఊళ్ళో దిగింది. గోనెల షెడ్డు గుమ్మం దగ్గర నిలబడింది. లోపల పీచు పొగమంచులా లేచి ఉంది. అక్క తల గుడ్డతో కట్టుకుని, మిషన్ మీదికి వంగి కుడుతోంది. చెల్లెల్ని చూసింది కానీ మిషన్ ఆపలేదు. మధ్యలో ఆపితే కూలి తగ్గుతుందని మేస్త్రమ్మ వచ్చి చిట్టికి చెప్పి, ఒక స్టూలు వేసి వెళ్ళింది.

పని విడిచాక అక్కచెల్లెళ్ళు బస్టాండు దాకా నడిచారు. దారిలో అక్క తన వేళ్ళు చూపించి, గోనె నారకి చర్మం ఎలా లేస్తోందో చెప్పింది. మందు పంపిస్తానని చిట్టి అంది. ఇక్కడే దొరుకుతుందిలే, అంది అక్క. బస్సు వచ్చింది. చిట్టి ఎక్కి కిటికీలోంచి చూసేసరికి అక్క అప్పటికే వెనక్కి తిరిగి, జనంలో కలిసి నడుస్తోంది.